సోమ్లా నాయక్ ఒంటి సంతకం

నాకు అనుమానం ఎక్కువ. మా ఇంట్లో వాళ్లంతా అదే అంటారు, కోదాడ కోర్టులో తోటి వకీళ్లూ అదే అంటారు. ఏళ్లకేళ్లుగా నల్లకోటు వేసుకుని తిరుగుతున్నదాన్ని, ఎవరైనా చేతులు జోడిస్తే చేతులకన్నా ముందు కళ్లు చూస్తాను. పాలవాడు పొద్దున్నే నవ్వుతూ వస్తే ఈరోజు నీళ్లు ఎక్కువ కలిపాడేమో అనుకుంటాను. అలాంటి ఈ మాధవి ఒక మనిషి గురించి కూర్చుని రాస్తోందంటే ఆయన మీద గౌరవంతో మొదలైందనుకునేరు. అదేం కాదు. సోమ్లా నాయక్‌ను చూసిన మొదటి రోజు నాకు వచ్చింది ఒట్టి కోపం.

ఊరి పేరు చెప్పను. కోదాడకూ మిర్యాలగూడకూ మధ్య ఒక చిన్న మున్సిపాలిటీ అనుకోండి, చాలు. మనుషుల పేర్లూ తండా పేరూ మార్చాను. ఉన్నదున్నట్టు రాస్తే రేపు నాకే నోటీసు పంపే ఘనులు ఉన్నారక్కడ. ఇంకో కారణం చివర్లో మీకే తెలుస్తుంది.

ఆయన నా ఆఫీసుకు వచ్చినప్పుడు వెంట నలుగురైదుగురు మగవాళ్లు, ఒక కోడలు పిల్ల ఉన్నారు. కూర్చోండి అంటే ఒక్కరూ కదలరు. ఎర్రంచు తలపాగా చుట్టుకున్న ఆ ముసలాయన కూర్చున్నాకే తక్కినవాళ్లు కూర్చున్నారు. ఆయన మాట్లాడుతుంటే మిగతావాళ్లకు నోట్లో నాలుక లేనట్టే. గోడపక్కనున్న ఒకతన్ని పట్టుకుని, నువ్వేమంటావు అని అడిగాను. అతను నావైపు కాదు, ముసలాయన వైపు చూశాడు. "నాయక్ చెప్పిండు గద" అన్నాడు. నా ఒళ్లు మండింది. నా దగ్గరికి కేసు తెచ్చి, నేనడిగితే నోరు విప్పరేం?

సంగతి ఇది. రాళ్లవాగు తండా లంబాడీల తండా. కొన్నేళ్లు సొంత పంచాయతీగా ఉంది, తర్వాత పక్కనున్న మున్సిపాలిటీలో కలిపేశారు. ఇప్పుడు ఎన్నికలకు ముందు వార్డులు కొత్తగా విడగొడుతున్నారు. ముసాయిదాలో తండా నడిమధ్యనుంచి సీసీ రోడ్డు వెంబడి గీత గీశారు. రోడ్డుకు కుడివైపు ఇళ్లు మిల్లుల వార్డులోకి, ఎడమవైపు ఇళ్లు కాలువ అవతలి కొత్త కాలనీల వార్డులోకి పోయాయి. ఎస్టీలు ఏ వార్డులో ఎక్కువ శాతం ఉంటే ఆ వార్డు ఎస్టీలకు రిజర్వు అవుతుంది. తండా ఒక్కటిగా ఉంటే ఆ సీటు తండాదే. రెండు ముక్కలైతే అటు చారెడు, ఇటు చారెడు. ఎక్కడా లెక్కలోకి రారు. మంచినీళ్లు రాకపోయినా, దీపం వెలగకపోయినా అడగడానికి తమ మనిషంటూ కౌన్సిల్లో ఒక్కరూ ఉండరు. వాళ్లు పోగొట్టుకోబోయేది అదీ.

ఆ రోడ్డు వేసి రెండేళ్లు కూడా కాలేదు. రోడ్డు వేసినప్పుడే గీత కూడా గీసుకున్నారేమోనని నా అనుమానం. మిల్లుల వార్డు పాత కౌన్సిలర్ నర్సింగరావు. మిర్యాలగూడలో పెద్ద రైస్ మిల్లు, ఇక్కడ చిన్నదొకటి. తండా మొత్తం ఆయన వార్డులో కలిస్తే అది రిజర్వు అయిపోతుంది, ఆయన మళ్లీ నిలబడలేడు. సగం తండా అయితే బెంగలేదు. గీసింది ఎవరో నేను చూడలేదు. ఎవరికి లాభమో మాత్రం కళ్లున్న ఎవరికైనా కనిపిస్తుంది.

అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఇచ్చిన గడువు అప్పటికే దాటిపోయింది. మీరేం చేశారు అని అడిగితే సోమ్లా నాయక్ గర్వంగా ఒక కాగితం తీసి బల్లమీద పెట్టాడు. తండాను చీల్చొద్దని గడువులోపలే రాసిచ్చిన అభ్యంతరం. ఆఫీసు ముద్ర ఉంది. కింద ఒకే ఒక్క సంతకం, ఆయనది. మిగతావాళ్ల సంతకాలేవి అన్నాను. ఆయన పక్కనే కూర్చున్న ఫూల్‌సింగ్, తండా కార్‌భారి, అంటే నాయక్ తర్వాత నాయక్ అంతటివాడు, నేనేదో పిచ్చి ప్రశ్న వేసినట్టు చూశాడు. నాయక్ పెట్టినంక ఇగ మాదెందుకు అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు సోమ్లా బతుకు తెలియాల్సి వచ్చింది. ఆయన తండ్రి నాయక్, తాత నాయక్. ఈయన మాత్రం కుర్రతనంలో మిర్యాలగూడ పోయి మిల్లులో బస్తాలు మోశాడు. నర్సింగరావు తండ్రి నడిపిన మిల్లే అది. తెలుగు అక్షరాలు అక్కడే నేర్చుకున్నాడట. తండ్రి పోయాక వచ్చి నాయక్ అయ్యాడు. అప్పటినుంచి తండాలో మొగుడూపెళ్లాల గొడవైనా, గట్టు తగాదా అయినా, నసాబ్‌లో తేలాల్సిందే. నసాబ్ అంటే నాయక్ ఇంటి ముందు మగవాళ్లు గుండ్రంగా కూర్చునే పంచాయితీ. అందరూ చెప్పుకుంటారు, చివర ఆయన ఒక మాట చెప్తాడు, అంతటితో ఖతం. ఆయన హయాంలో తండా మనిషి పోలీసు స్టేషన్ గడప తొక్కలేదని ఆ రోజు వెంట వచ్చిన ఆయన కోడలు సింధు చెప్పింది. అంతకన్నా పెద్ద సంగతి, ఆయన కడుపులో పడిన మాట బయటికి రాదు. ఎవరు ఏ రహస్యం చెప్పుకున్నా, కట్టుకున్న భార్య లక్ష్మీబాయికి కూడా చెప్పడు. నాయక్‌ను ఎదురు అడగడం అక్కడ ఎవరికీ అలవాటు లేదు. నాయక్ సంజాయిషీ ఇచ్చుకోవడం అంతకన్నా లేదు. పంచాయతీ ఎన్నికలప్పుడు కూడా ఆయన ఎవరి పేరు చెప్తే వాళ్లే పోటీ లేకుండా సర్పంచ్ అయ్యారు. ఇదేం ప్రజాస్వామ్యం అని నేను సింధుతో ఎకసెక్కం ఆడాను. ఆ పిల్ల సూర్యాపేటలో డిగ్రీ చదివింది, ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తుంది. నవ్వి, మా మామ తప్పు చెప్పిన రోజు చూద్దాం మేడం అంది. మామంటే ఆ పిల్లకు ప్రాణం. వార్డు ఒక్కటిగా ఉండి ఆడవాళ్లకు రిజర్వు అయితే నిలబడేది సింధేనని తండాలో అందరూ అప్పటికే అనుకుంటున్నారు.

హైకోర్టులో రిట్ వేశాం. వాదించింది నా సీనియర్ మహేశ్వర్ గారు. వాయిదా రోజున సోమ్లాను, సింధును కార్లో వెంట తీసుకుపోయాను. ప్రభుత్వ న్యాయవాది రెండే ముక్కలు చెప్పాడు. వార్డుల విభజనలో కోర్టులు వేలు పెట్టకూడదని రాజ్యాంగమే అంటోందన్నది మొదటిది. రెండోది అసలు దెబ్బ. ఈ విభజన బాగుందని కాలనీలవాళ్లు, మిల్లుల దగ్గరివాళ్లు వందల మంది ఎవరికి వారు రాసిచ్చారు, తండా మొత్తం నుంచి వచ్చింది ఒకే ఒక్క అభ్యంతరం అన్నాడు.  కాలనీల్లో మనుషుల్ని పట్టుకుని ఇంటింటికీ ఒక కాగితం రాయించిన చెయ్యి ఎవరిదో నాకు అప్పుడే వాసన తగిలింది. కానీ వాసన చూపించి కోర్టులో గెలవలేం కదా.

మహేశ్వర్ గారు తండా ఆచారం వివరించారు, నాయక్ మాటంటే అందరి మాటేనన్నారు. ప్రభుత్వ న్యాయవాది ఆ మాటనే ఒడిసి పట్టుకున్నాడు. అలాగైతే రేపు వీళ్లు వెయ్యి కాగితాలు తెచ్చినా అవి ఒక్క మనిషి మాటకు నకళ్లే అన్నాడు. న్యాయమూర్తి ఇద్దరి మాటా విన్నారు. గీతలు గీయడం కోర్టు పని కాదు, అది మేం చేయం అన్నారు. అయితే గీసేవాళ్లు జనం మాట వినాలి, విన్నట్టు కనిపించాలి, ఆ ఒక్క అభ్యంతరానికి కూడా ఎందుకు కాదన్నారో కారణం రాయలేదు కదా అని అడిగారు. చివరికి ఇంకో మూడు రోజులు అభ్యంతరాలు తీసుకోవాలని, మున్సిపల్ కమిషనర్ ప్రతి ఒక్కరినీ విడివిడిగా పిలిచి విని కారణాలు రాయాలని, అప్పటిదాకా తుది ప్రకటన ఇవ్వొద్దని ఆదేశించారు. ఎవరి మాట వారే చెప్పుకోవాలన్నది మాత్రం గట్టిగా చెప్పారు.

సగం గెలిచాం అన్నారు మహేశ్వర్ గారు. నాకు నమ్మకం కుదరలేదు. తిరుగు దారిలో సూర్యాపేట దగ్గర టీకి ఆగినప్పుడు సోమ్లా నాయక్ గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"వకీలమ్మా, గాడ నన్ను ఒక్కణ్ణే లెక్కేసిండ్రా?" అన్నాడు.

"ఒక్కరినే."

"మా తాతల సంది నాయక్ మాటంటే తండా మాట."

"కోర్టు తాతల్ని లెక్కపెట్టదు నాయక్, తలల్ని లెక్కపెడుతుంది" అన్నాను. విసుగులో అన్నాను. ఆయన టీ తాగకుండానే గ్లాసు పెట్టేసి కారెక్కాడు. కోదాడ వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే మొదటి విడత జనాన్ని మున్సిపల్ ఆఫీసుకు పట్టుకొచ్చాం. సింధు రాత్రంతా కూర్చుని ఎవరి కాగితం వాళ్లకు రాసిపెట్టింది. కమిషనర్ ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, మీ అభ్యంతరం ఏమిటమ్మా, మీకు ఏమిటి ఇబ్బంది అయ్యా అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఆ మర్యాద చూస్తేనే నాకు అనుమానం వచ్చింది. వాళ్లు ఏమన్నారో తెలుసా? మొదటివాడు, నాయక్ పొమ్మన్నడు సార్ అన్నాడు. రెండో ఆవిడ, మా నాయక్ చెప్పిందే నా మాట అంది. చదువుకున్న నరేందర్, ఆటో నడుపుకునే కుర్రాడు, వాడన్నా సరిగ్గా చెప్తాడనుకుంటే, నాయక్‌ను అడగండి సార్ అన్నీ తెలుసు అన్నాడు. ఇలా వరసగా. వాళ్ల దృష్టిలో అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు మరి. నాయకే చెప్పాక ఇంకేం కావాలి? కమిషనర్ చిన్నగా నవ్వుకుంటూ ప్రతి కాగితం మీదా ఏదో రాశాడు. మరొకరు చెప్పగా వచ్చారు, సొంత అభ్యంతరం లేదు. అదీ ఆయన రాసింది.

ఆఫీసు మెట్ల మీద సింధు ఏడ్చేసింది. నేను మాత్రం సోమ్లా మీద విరుచుకుపడ్డాను. "మీరు నాయక్‌గా ఉన్నన్నాళ్లూ వీళ్లు సొంతంగా నోరు తెరవరు" అన్నాను అందరి ముందే. ఫూల్‌సింగ్ ముఖం ఎర్రబడింది, నాయక్‌ను అంత మాట అంటారా అని. సోమ్లా చేయెత్తి అతన్ని ఆపాడు. నన్ను కాసేపు చూసి, గట్లనే ఉన్నదమ్మా అన్నాడు, అంతే. సాయంత్రం నసాబ్ పెట్టమని ఫూల్‌సింగ్‌కు చెప్పి బస్సెక్కి పోయాడు.

దీపాలు పెట్టకముందే తండా చేరాను. మగవాళ్లు గుండ్రంగా కూర్చున్నారు, ఆడవాళ్లం కాస్త దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డాం. మాటలన్నీ లంబాడీల భాష గోర్‌బోలిలో. సింధు నా చెవి దగ్గర తెలుగులో చెప్తూ వచ్చింది. సోమ్లా లేచి ఒక్కటే మాట అన్నాడట, నా మీద ఎవరికన్నా అనుమానం ఉంటే ఇప్పుడే అడగండి అని. నసాబ్‌లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ విన్నది కాదు. మగవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అక్కడ అందరి మనసుల్లో ఒక సంగతి మెదులుతోందని మాత్రం నాకు తెలిసిపోయింది. ఆ సంగతి నాకప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, సింధు అప్పుడు చెప్పింది. ముసాయిదా రాకముందు, ఇంట్లో ఆడవాళ్లు పనికి పోయిన వేళ, నర్సింగరావు తెల్ల కారు వచ్చి సోమ్లా ఇంటి ముందు ఆగిందట. ఇద్దరూ లోపల కూర్చుని మాట్లాడుకున్నారట. నాయక్‌ను ఎవరడుగుతారు? ఇన్నాళ్లూ అడగలేదు.

చివరికి ఫూల్‌సింగే అడిగాడు. నర్సింగరావు నీ ఇంటికి వచ్చిండా అన్నాడు. వచ్చిండు అన్నాడు సోమ్లా. ఏమడిగిండు? అది నేను చెప్ప అన్నాడు సోమ్లా. సింధుకు కౌన్సిల్లో కో-ఆప్షన్ పదవి ఇప్పిస్తనన్నడట గద, నిజమేనా? సోమ్లా జవాబివ్వలేదు. నా చెవిలో తర్జుమా చేస్తున్న సింధు గొంతు అక్కడ ఆగిపోయింది. పోటీ చేయకుండానే కౌన్సిల్లో కూర్చోబెట్టే ఆ పదవి మాట ఆ పిల్లకే తెలియదు. మరి అందరి సంతకాలు పెట్టియ్యకుండ నువ్వొక్కనివే ఎందుకు పెట్టినవు అని అడిగాడు ఫూల్‌సింగ్, ఈసారి గొంతు పెంచి. నా ఇష్టం అన్నాడు సోమ్లా. అని, అందరి మధ్యనుంచి నడుచుకుంటూ ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత అనుమానపుదాన్ని, అందర్నీ జల్లెడ పట్టేదాన్ని, ఎదురుగా కూర్చున్న మనిషిని పోల్చుకోలేకపోయానే అనుకున్నాను. ఒక్క సంతకం, తెల్ల కారు, కోడలికి పదవి. అన్నీ అతికినట్టు సరిపోయాయి. వేపచెట్టు కింద ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుతున్నారు, మగవాళ్లు కర్రలు తిప్పుతూ అరుస్తున్నారు. ఆ తండాలో అందరూ ఒకేసారి మాట్లాడటం నేను చూసింది అప్పుడే. సింధు నాతో, రేపు పొద్దున నేను నా పేరుతో రాస్తాను మేడం, ఆయన పేరు ఎత్తను అంది. 

మర్నాడు మున్సిపల్ ఆఫీసు గేటు బయటిదాకా జనం. రోజు కూలి మానుకుని వచ్చారు, చంకన పిల్లల్ని వేసుకుని వచ్చారు. ఎవరి కాగితం వారిదే. రాయడం వచ్చినవాళ్లు రాసుకున్నారు, రానివాళ్లు సింధుకు తమ మాట చెప్పి అదే రాయించి, మళ్లీ చదివించుకుని విన్నారు, ఎక్కడ మోసం జరుగుతుందోనని. కమిషనర్ అదే మర్యాదతో అదే ప్రశ్న వేశాడు, మిమ్మల్ని ఎవరు పంపారు అని. ఒక ముసలాయన, ఎవరు పంపలే, పంపేటోడు అమ్ముడుపోయిండు, నాది నేనే చెప్పుకోవాలె అన్నాడు. నరేందర్ నిన్న నాయక్‌ను అడగమన్నవాడే, ఈరోజు బల్ల మీదున్న మ్యాపు తనవైపు తిప్పుకుని, నీళ్ల ట్యాంకు ఒక వార్డులో, దాని పైపులు ఇంకో వార్డులో ఎట్లా పెడతారో చూపించమని నిలదీశాడు. లక్ష్మీబాయి కూడా వచ్చింది. ఆవిడను చూసి జనం దారి ఇవ్వలేదు, తోసుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది.

"మా ఇంటాయన మాట నాకొద్దు" అంది కమిషనర్‌తో. "రోడ్డుకు గావలి దిక్కు మా చెల్లె ఇల్లు. దానికొక వార్డు, నాకొక వార్డు అంటే నేనొప్ప. గిది నా మాట, రాసుకో."

కమిషనర్ నవ్వు ఎప్పుడో మాయమైంది. ప్రతి మాటకూ కారణం రాయాలి, ఆ కారణాలు హైకోర్టు చూస్తుంది. మూడో రోజు కూడా జనం తగ్గలేదు. సోమ్లా మాత్రం ఆ చుట్టుపక్కల కనిపించలేదు.

కొన్ని వారాలకు తుది ప్రకటన వచ్చింది. గీత సీసీ రోడ్డు వదిలి వాగు వెంట పోయింది. తండా మొత్తం ఒకే వార్డులో, మిల్లుల వార్డులో పడింది. తర్వాత ఆ వార్డును ఎస్టీ మహిళకు రిజర్వు చేశారు. హైకోర్టులో మా రిట్ ఇక విచారించడానికేమీ లేదని రెండు నిమిషాల్లో మూసేశారు. కమిషనర్ కోర్టుకు భయపడ్డాడని మహేశ్వర్ గారు సంతోషించారు. నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఈలోగా పార్టీలో పైవాళ్లకు నర్సింగరావుతో చెడిందని, ఆయన్ను పక్కకు తప్పించడానికే గీత జరిపారని సూర్యాపేటలో నలుగురూ చెప్పుకున్నారు. ఏది నిజమో దేవుడికెరుక. ఏమైనా ఆ అభ్యంతరాలు లేకపోతే జరపడానికి సాకు కూడా దొరికేది కాదు.

గెలిచిన తండాకు పోయి చూస్తే సోమ్లా ఇక నాయక్ కాదు. ఫూల్‌సింగ్‌ను నాయక్ చేశారు. పాపం అతనికి ఆ సుఖం లేదు. నసాబ్‌లో ఇప్పుడు ప్రతివాడూ నా మాట వినండి అంటాడు, ఆడవాళ్లు కూడా లోపలికి వచ్చి కూర్చుంటున్నారు. కౌన్సిలర్‌గా ఎవరిని నిలబెట్టాలో చేతులెత్తి తేల్చుకున్నారు. ఫూల్‌సింగ్ తమ్ముడి కోడలు ఇంద్రజను నిలబెట్టారు, గెలిపించుకున్నారు. సింధు పేరు ఎవరూ ఎత్తలేదు. అమ్ముడుపోయిన ఇంటి పిల్ల కదా. ఆ మూడు రోజులూ అందరి మాటా రాసిపెట్టి వేళ్లు వాచిన పిల్ల ఆ రోజు నసాబ్‌లో వెనక వరసలో కూర్చుని ఇంద్రజకే చెయ్యెత్తింది.  తప్పంతా ఆ ముసలాయనదేనని తిట్టుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకు వేరే కేసు పని మీద మిర్యాలగూడ కోర్టుకు వెళ్లాను. మెట్ల దగ్గర నర్సింగరావు ఎదురుపడ్డాడు. వార్డు పోగొట్టుకున్నవాడి ముఖం ఎలా ఉంటుందో చూద్దామని నేనూ ఆగాను. ఆయన వార్డు సంగతి ఎత్తలేదు, సోమ్లా సంగతి ఎత్తాడు.

"మీ సోమ్లాకు అంత పొగరేందమ్మా? మా అమ్మ పెద్దకర్మకు నేనే ఇంటికి పోయి పిలిచిన. మిల్లుల బస్తాలు మోసినప్పుడు మా అమ్మ చేతి బువ్వ తిన్నోడు. రాజకీయం ఉంటే ఉండనీయి, చావుకు సుత రాకపోతే ఎట్ల?"

వార్డు మాట ఏదీ రాలేదా అని అడిగాను. అమ్మ పోయిన దుఃఖంలో ఉన్నవాణ్ణి, అప్పుడు వార్డుల సంగతి ఎవరికి పడుతుందమ్మా అన్నాడు. నేను నమ్ముతానా? నేరుగా మిల్లుకు పోయి, గుమాస్తాను ముచ్చట్లో పెట్టి, పెద్దమ్మగారు ఎప్పుడు పోయారో కనుక్కున్నాను. తెల్ల కారు తండాకు వచ్చిన వారానికి సరిగ్గా సరిపోయింది. అంటే నసాబ్‌లో ఫూల్‌సింగ్ అడిగినప్పుడు ఒక్క ముక్క చాలు. వాళ్లమ్మ చనిపోతే పిలవనీకి వచ్చిండు అంటే అయిపోయేది. కోడలికి పదవి అన్నది ఎవరో పుట్టించిన మాటేనని అక్కడికక్కడే తేలిపోయేది.

మిర్యాలగూడ నుంచి ఇంటికి పోలేదు, కారు తిన్నగా తండా దారి పట్టించాను. సోమ్లా వాగు ఒడ్డున గేదెకు గడ్డి కోస్తున్నాడు. నన్ను చూసి కొడవలి పక్కన పెట్టాడు. నేను నమస్కారం కూడా చెప్పలేదు.

"పెద్దకర్మకు పిలవడానికి వచ్చాడు కదా? ఆ మాట నసాబ్‌లో ఎందుకు చెప్పలేదు?"

ఆయన అడ్డంగా బుకాయిస్తాడేమో అనుకున్నాను. బుకాయించలేదు.

"చెప్తే ఏమయితుండె అమ్మా? అయ్యో తప్పయింది నాయక్ అంటుండిరి. తెల్లారి మళ్ల నా ఎన్కనే వచ్చి, గా సారు ముంగట నాయక్ చెప్పిండు అనే అంటుండిరి. నువ్వే అంటివి గద, నేనున్నన్ని దినాలు వీళ్లు నోరు తెరువరని."

 గట్టు మీద కూలబడ్డాను. ఇన్నేళ్లలో ఎంతమందిని అనుమానించానో, ఇలాంటిది ఒక్కసారి కూడా తట్టలేదు. ఆయన తన మీద అనుమానాన్ని తానే పిలిచి కూర్చోబెట్టాడు. కోపం వస్తే తప్ప వాళ్లు సొంత మాట మాట్లాడరని, ఆ కోపం ఎవరి మీదో కాదు తన మీదే రావాలని లెక్క వేసుకున్నాడు. ఆయన మీద ఉన్న కోపమంతా అక్కడే ఏడుపై వచ్చింది. ఏడుస్తూనే తిట్టాను. ఇప్పుడు గెలిచారు కదా, ఇప్పుడన్నా చెప్పండి, మీరు చెప్పకపోతే నేను చెప్తాను అన్నాను.

"చెప్పకు" అన్నాడు. "ఇప్పుడిప్పుడే మాట్లాడుతుండ్రు. కొన్నేండ్లకు మళ్ల గీతలు గీస్తరు. గప్పటికి నేనుండ. నా పేరు మళ్ల మంచిగైతే, నాయక్ అంటే గట్లుండాలె అనుకుంట ఫూల్‌సింగ్ నోరు సూస్తరు, వాని ఎన్క ఇంకొకని నోరు సూస్తరు."

"సింధుకైనా చెప్పండి" అన్నాను.

ఆయన గడ్డి మోపు దగ్గరికి లాక్కున్నాడు.

"రోజు పళ్లెం పెట్టి మొకం తిప్పుకొని పోతది. రోజు గా మాట నోటిదాంక వస్తది అమ్మా. గా పిల్లకు చెప్తే ఆగదు. ఇల్లిల్లు తిరిగి చెప్తది." తలపాగా కొంగుతో ముఖం తుడుచుకుని, కొడవలి తీసుకుని, మళ్లీ గడ్డి దగ్గరికి వంగాడు.

కారు దగ్గరికి వస్తుంటే సింధు బడి నుంచి ఎదురొచ్చింది. నన్ను అక్కడ చూసి ఆగిపోయింది. నా కళ్లు ఎర్రగా ఉండటం గమనించింది కాబోలు, వాగు వైపు ఒకసారి చూసింది.

"మా మామ ఏమన్నా చెప్పిండా మేడం?" అని అడిగింది. ఆ అడగడంలో ఇంకా కాస్త ఆశ ఉంది. ఏదో ఒకటి, ఎంత చిన్నదైనా సరే, ఆయన వైపునుంచి ఒక్క మాట ఉంటే బాగుండునని చూస్తోంది ఆ పిల్ల.

"ఏం చెప్పలేదు" అన్నాను.

"చెప్పడని నాకు తెలుసు" అని, సంచీ భుజం మార్చుకుని, ఇంటి వైపు పోయింది.